ఉన్నది కాపాడుకో

మా ఇంటి చుట్టుపక్కల కోచింగ్ అన్న మాట కనబడని గోడ లేదు. మన్సూరాబాద్‌లో బయల్దేరి ఎల్.బి.నగర్ చౌరస్తా మీదుగా దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళే దారంతా బోర్డులే. గ్రూప్స్ కోచింగ్, బ్యాంక్ కోచింగ్, టీచర్ పోస్టుల కోచింగ్, అమెరికా పోవడానికి జిఆర్‌ఇ కోచింగ్. దాదాపు ముప్పై ఏళ్ళుగా ఆ బోర్డుల కింద నడుస్తున్నాను. అయినా ఆ మాట చదివినప్పుడల్లా నాకు పుస్తకాలు గుర్తుకు రావు. ఒక మట్టి కోర్టు, గీతలు గీసిన సున్నం, మెడలో విజిల్ వేసుకుని గీత పక్కన నిలబడ్డ మా పీడీ సారు గుర్తొస్తారు. ఆయన గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది. "వచ్చెయ్... టైం తిని వచ్చెయ్!"

1986లో నేను డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీ కబడ్డీ టీములో కూతకు వెళ్ళేదాన్ని. నల్గొండ జిల్లాలో ఒక చిన్న ఊరి నుంచి వచ్చిన పిల్లని. నలుగురిలో మాట్లాడాలంటే గొంతు పెగిలేది కాదు గానీ, కూత పెడితే మాత్రం అవతలి గీత దాకా వినబడేది. అంతర కాలేజీల పోటీల్లో సెమీఫైనల్ దాకా వచ్చాం. ఆడవాళ్ళ మ్యాచ్ పదిహేను నిమిషాల చొప్పున రెండు సగాలు. మొదటి సగం అయ్యేసరికి మేం ఎనిమిది పాయింట్లు ముందున్నాం. ఇంటర్వెల్‌లో సారు మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్పారు. "ఇగ పాయింట్లకు పోవద్దు. బాక్ లైన్ దాటుండ్రి, వాపస్ రాండ్రి. పట్టుకు పోవద్దు. ఉన్నది కాపాడుకోండ్రి, చాలు."

అప్పట్లో అది నడిచేది. కూతకు వెళ్ళి, బాక్ లైన్ దాటి, ఎవర్నీ ముట్టకుండా తిరిగొస్తే ఎవరికీ పాయింటు లేదు. అట్లా ఎన్నిసార్లయినా చేయొచ్చు. ప్రో కబడ్డీ చూసే ఇప్పటి పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. ఇప్పుడు రెండుసార్లు వరసగా ఉత్తచేతులతో తిరిగొస్తే మూడోసారి పాయింటు తేవాల్సిందే, లేకపోతే కూతకు వెళ్ళినవాళ్ళు అవుట్. ముందున్న జట్టు ఆట ఆపేసి గడియారాన్ని చూస్తూ కూర్చుంటే చూసేవాళ్ళకు ఆట ఉండదని అట్లా పెట్టారు.

మేం ఆడటం మానేశాం. ఐదు నిమిషాల్లో అవతలివాళ్ళకు సంగతి అర్థమయింది. మేం ముట్టమని తెలిశాక వాళ్ళ డిఫెండర్లు భయం లేకుండా ముందుకొచ్చారు. మేం పట్టుకోమని తెలిశాక వాళ్ళ రెయిడర్లు మూలల దాకా వచ్చి మమ్మల్ని ముట్టి వెళ్ళారు. ఎనిమిది ఐదయింది, ఐదు మూడయింది. ఇంకా నాలుగు నిమిషాలుంది. నేను కూతకు వెళ్ళాను. అవతల కోర్టులో ఇద్దరే మిగిలారు. ఎడమ మూల పిల్ల కాలు నా కాలికి జానెడు దూరంలో ఉంది. ఆ కాలును ఇప్పటికీ గీసి చూపించగలను, మడమ మీద ఎర్రమట్టితో సహా. ముడితే ఒక పాయింటు, ఇంకొకత్తె మిగిలితే తర్వాతి కూతకు లోనా. గీత బయట్నించి సారు కేక. "వచ్చెయ్!" నేను వచ్చేశాను.

ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం.

సాయంత్రం ప్రిన్సిపాల్ మేడం అడిగితే సారు చెప్పిన జవాబు నేను గది బయట నిలబడి విన్నాను. "ఆడపిల్లలు కదా మేడం, ప్రెషర్ తట్టుకోలేకపోయిన్రు." ఆయన చెడ్డవాడు కాదు. మా బస్ చార్జీలు చాలాసార్లు ఆయన జేబులోంచే పెట్టుకున్నారు. ఆ జవాబులో అబద్ధమాడుతున్నానని కూడా ఆయనకు తెలిసి ఉండదు. ఆయన జాగ్రత్తగానే ఆడించారు. జాగ్రత్తగా ఆడించి ఓడితే తప్పు ఆడినవాళ్ళది. తెగించి ఆడించి ఓడి ఉంటే తప్పు ఆయనదయ్యేది. ఇది నాకు అర్థం కావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది, అదీ నేనే కోచ్‌నయ్యాక.

నేను కోచింగ్ ఇచ్చింది మా అమ్మాయికి.

తను ఇంజినీరింగ్ చదివింది. ఎమ్మెస్‌కు వెళ్తానని దిల్‌సుఖ్‌నగర్‌లో జిఆర్‌ఇ కోచింగ్‌కు పోతుండగానే సంబంధం వచ్చింది. అబ్బాయి అట్లాంటాలో సాఫ్ట్‌వేర్. "పెళ్ళి చేసుకుని పోతే అక్కడే చదువుకోవచ్చు" అన్నారు వాళ్ళు. 2013లో పెళ్ళి చేసి పంపించాం. హెచ్-1బి మీద ఉన్నవాడి భార్యకిచ్చే హెచ్-4 వీసా మీద వెళ్ళింది. ఆ వీసా మీద చదువుకోవచ్చు గానీ ఉద్యోగం చేయరాదు. పైగా వీసా తన పేరు మీద ఉన్నా దాని వేరు అతని పేరులో ఉంది. పెళ్ళి పోతే అదీ పోతుంది.

మరుసటి ఏడే తనకు అక్కడ యూనివర్సిటీలో సీటు వచ్చింది. ఫీజు దండగ అన్నాడతను. గొడవయింది. తను నాకు ఫోన్ చేసింది. నేనేమన్నానో నాకు ప్రతి అక్షరం గుర్తుంది. "ఇప్పుడే పట్టు పట్టకు బిడ్డా. కొత్త సంసారం. ఉన్నది కాపాడుకో." సీటు వదులుకుంది. వదులుకునేట్టు చేసింది నేను.

తర్వాత ఒక్కొక్కటే తెలిసింది. అతను కొట్టడు, తాగడు. కానీ బ్యాంకు పాస్‌వర్డు అతని దగ్గరే, కారు తాళం అతని దగ్గరే. తను ఎవరితో ఎంతసేపు మాట్లాడిందో ఫోన్ తీసి చూస్తాడు. నేను మళ్ళీ చెప్పాను. "అతని ఐ-140 అయ్యేదాకా ఓపిక పట్టు." 2015 మే నుంచి, గ్రీన్ కార్డు దారిలో ఐ-140 మంజూరైనవాళ్ళ భార్యలకు పనిచేసుకునే అనుమతి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ వివరాలన్నీ నేను మన్సూరాబాద్‌లో కూర్చుని తనకంటే ముందే నేర్చుకున్నాను. ఐ-140 అయింది. పని కార్డు వచ్చింది. 2016లో ఉద్యోగం కూడా దొరికింది. జీతం ఇద్దరి ఖాతాలో పడేది, ఖాతా అతని చేతిలో ఉండేది. "ఉద్యోగం నిలదొక్కుకునేదాకా ఆగు" అన్నాను. అవతల ఏదో ఒకటి దొరికినప్పుడల్లా నాకు కాపాడుకోవలసింది ఇంకొకటి తోడయ్యేది. బాక్ లైన్ దాటు, వాపస్ రా. ఎవర్నీ ముట్టకు.

2017 ఫిబ్రవరి 6, సోమవారం పొద్దున ఏడు దాటింది. స్టవ్ మీద పోపు వేగుతోంది. అమ్మాయి వీడియో కాల్ చేసింది. అక్కడ ఆదివారం రాత్రి. స్నేహితుల ఇంట్లో అందరూ సూపర్ బౌల్ చూస్తున్నారు. వాళ్ళ ఊరి జట్టు అట్లాంటా ఫాల్కన్స్ ఫైనల్ ఆడుతోంది. ఫోన్ టీవీ వైపు తిప్పి చూపించింది. స్కోరు 28-3.

"అమ్మా, గెలిచినట్టే. ఇంక బాల్ పొట్టకు కరుచుకుని కింద పడుకుంటే చాలు, గడియారం అదే తిరుగుతది" అంది.

నేను టిఫిన్ డబ్బా కట్టుకుంటూ, ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి చూస్తూ ఉన్నాను. ఆట నాకు అర్థం కాలేదు. అర్థమైంది ఒక్కటే. ఎనిమిదిన్నర దాటేసరికి ఆ గదిలో అరుపులు ఆగిపోయాయి. ఫాల్కన్స్ ఆ మూడో భాగంలో తెచ్చుకున్న 28 దగ్గరే ఆగిపోయారు. న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ వరసగా 31 పాయింట్లు చేసి, అదనపు సమయంలో 34-28తో గెలిచారు. సూపర్ బౌల్ చరిత్రలో అంత వెనకబడి గెలిచిన జట్టు అప్పటిదాకా లేదు. ఆ రోజు నేను కాలేజీకి ఆలస్యంగా వెళ్ళాను.

తర్వాత ఆ ఆట గురించి వెతికి వెతికి చదివాను. ఎందుకంత పట్టుకుందో అప్పుడు నాకు తెలియదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు, పోకపోతే బంతి అవతలివాళ్ళది. బంతి పట్టుకుని పరుగెత్తి దొరికిపోతే గడియారం ఆగదు. విసిరిన బంతి ఎవరికీ అందకుండా నేలపడితే గడియారం ఆగుతుంది. అందుకని ముందున్న జట్టు విసరదు, పరుగెత్తుతుంది. చివరి నిమిషాల్లోనైతే క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని ఊరికే మోకాలు ఆనిస్తాడు. 1978 నవంబర్‌లో న్యూయార్క్ జెయింట్స్ 17-12తో ముందుండి, చివరి సెకన్లలో మోకాలు ఆనించకుండా బంతిని ఇంకో ఆటగాడికి అందించబోయి జారవిడిచారు. ఫిలడెల్ఫియా ఆటగాడు హెర్మ్ ఎడ్వర్డ్స్ దాన్ని అందుకుని పరుగెత్తి మ్యాచ్ గెలిపించాడు. ఆ తర్వాత మోకాలు ఆనించడం అందరికీ అలవాటయింది.

నేను వెతుకుతున్నది పీడీ సారు లాంటి కోచ్ కథ. కాపాడుకోబోయి పోగొట్టుకున్నారని చదవాలని ఉంది నాకు. దొరికింది దానికి తలకిందులు. ఇంకా 4 నిమిషాల 40 సెకన్లు ఉండగా ఫాల్కన్స్ 28-20తో ముందున్నారు. జూలియో జోన్స్ అద్భుతంగా పట్టిన క్యాచ్‌తో వాళ్ళు పేట్రియాట్స్ 22 గజాల గీత దగ్గరికి చేరారు. అక్కడ్నించి గోల్ కొట్టి మూడు పాయింట్లు తెచ్చుకుంటే 31-20. అవతలివాళ్ళు రెండుసార్లు స్కోరు చేయాల్సి వచ్చేది, అందుకు సమయం చాలేది కాదు. ఒకసారి పరుగెత్తి ఒక గజం పోగొట్టుకున్నారు. తర్వాత విసరబోయి క్వార్టర్‌బ్యాక్ దొరికిపోయాడు, పన్నెండు గజాలు పోయాయి. ఆ తర్వాత ఫౌల్, ఇంకో పది గజాలు. గోల్ కొట్టే దూరమే లేకుండా పోయింది. దేశమంతా ఆ జట్టు ఆట నడిపిన కైల్ షానహన్‌ను తిట్టింది, ఊరికే పరుగెత్తి ఉంటే సరిపోయేది కదా అని. అదే షానహన్ 2020 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు హెడ్ కోచ్‌గా మళ్ళీ సూపర్ బౌల్‌కు వచ్చాడు. చివరి భాగంలో 20-10తో ముందుండి 31-20తో ఓడిపోయాడు. ఆ జట్టు సహాయ కోచ్‌లలో కేటీ సవర్స్ ఉంది. సూపర్ బౌల్‌లో కోచ్‌గా నిలబడ్డ మొదటి మహిళ ఆమె. చరిత్రలోకి అడుగుపెట్టిన రోజే పది పాయింట్లు కరిగిపోవడం గీత పక్కన నిలబడి చూడాల్సి వచ్చింది.

అంటే తెగించు అన్నదీ సూత్రం కాదు. కాపాడుకో అన్నదీ కాదు. అయితే ఈ రెంటికీ పడే శిక్ష మాత్రం ఒకటి కాదు. డేవిడ్ రోమర్ అనే ఆర్థికశాస్త్రవేత్త ఈ ఆటలో నాలుగో ప్రయత్నం మీద 2006లో ఒక పరిశోధనా వ్యాసం ప్రచురించాడు. లెక్క ప్రకారం ముందుకు పోవలసిన సందర్భాల్లో కూడా కోచ్‌లు బంతిని తన్నేసి చేతులు దులుపుకుంటున్నారని చూపించాడు. అది చదివినప్పుడు నాకు మా ప్రిన్సిపాల్ మేడం గది గుమ్మం కనిపించింది. నలుగురూ చేసే పని చేసి ఓడితే కోచ్‌ను ఎవరూ ఏమీ అనరు. కొత్తది చేసి ఓడితే అతని పేరు పెట్టి తిడతారు. జాగ్రత్త అన్న మాటలో ఎవరి జాగ్రత్త ఉందో అడగాలి. అమ్మాయిని భర్త దగ్గరే ఉండమని చెప్పిన తల్లిని మా కాలనీలో ఎవరూ వేలెత్తి చూపరు. ఆ అమ్మాయి అక్కడే కుమిలిపోయినా చూపరు. రమ్మని చెప్పిన తల్లిని మాత్రం కూరగాయల బండి దగ్గర కూడా అడుగుతారు.

ఆ మ్యాచ్ అయిన రెండు రోజులకు అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. ఏవో మాటల మధ్య నేను అలవాటు కొద్దీ అన్నాను. "ఇన్ని రోజులు ఆగినవు, ఇంకొన్ని రోజులు..." తను ఆపేసింది.

"అమ్మా, నేను ఇరవై ఎనిమిది మూడుల ఉన్న అనుకుంటున్నవా?"

నేను మాట్లాడలేదు.

"నేను లీడ్‌ల లేనమ్మా. ఎప్పుడో ఓడిపోయిన. నువ్వు చూసే స్కోరు నాది కాదు."

గిన్నెలు కడుగుతున్న చేతులు అట్లాగే నీళ్ళ కింద ఉండిపోయాయి. అమెరికా, సొంత కారు, గ్రీన్ కార్డు వరస, పని కార్డు, పెళ్ళిళ్ళలో చెప్పుకోవడానికి ఒక అల్లుడు. ఇవన్నీ కూడి నేను పెట్టుకున్న 28 అది. తన వైపు ఏముందో ఒక్కసారైనా లెక్కపెట్టలేదు. చదువు లేదు, జీతం చేతికి రాదు, రాత్రిపూట ఎవరికైనా ఫోన్ చేయాలంటే భయం. తన బోర్డు మీద ఉన్నది మూడు. మూడు ఉన్నవాళ్ళకు కాపాడుకొమ్మని సలహా ఇచ్చే కోచ్ ఎక్కడైనా ఉంటాడా?

ఇక్కడ నేను మా అమ్మ గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. కాపాడుకోవడమన్నది నాకు ఆమె నుంచి వచ్చింది. మా నాయన చనిపోయినప్పుడు ఆమెకు ముప్పై రెండేళ్ళు. పాలివాళ్ళు రెండెకరాలు అమ్మి పంచుకుందామన్నారు. ఆమె వేలిముద్ర వేయలేదు. ఏళ్ళ తరబడి ఎవరేమన్నా వేయలేదు. ఆ రెండెకరాల మీదే నేను చదువుకున్నాను. తొంభైలలో మన్సూరాబాద్‌లో రాళ్ళూ తుమ్మలూ తప్ప ఏమీ లేని చోట నూటయాభై గజాల ప్లాటు నా జీతంతో కొన్నప్పుడు, మా మరిది వ్యాపారానికి దాన్ని పూచీ పెట్టమని ఇంట్లో ఎంత ఒత్తిడి వచ్చినా నేనూ సంతకం పెట్టలేదు. ఆ రోజు మోకాలు ఆనించి కూర్చోవడమే గెలుపు. ఆ ఇంట్లోనే ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్నాను. కాబట్టి కాపాడుకునే ఆడవాళ్ళను పిరికివాళ్ళని నేను అనలేను. మా అమ్మ కాపాడుకున్నది ఆమె భూమి. స్కోరు ఆమెది, ఆట ఆమెది, ఓడితే పస్తుండేది కూడా ఆమే. నేను మా అమ్మాయితో కాపాడించింది నా మర్యాద. మాట ఒకటే, అందుకే నేను మోసపోయాను.

2017 చివర్లో తను వచ్చేసింది. రెండు సూట్‌కేసులు, విడాకుల కాగితాల ఫోల్డరు. ఎయిర్‌పోర్టు నుంచి వస్తుంటే ఎల్.బి.నగర్ దగ్గర మెట్రో స్తంభాలు చూసి "ఇది ఎప్పుడు కట్టిన్రు?" అంది. అంతకంటే ఏమీ మాట్లాడుకోలేదు. చాలా రోజులు మాట్లాడుకోలేదు.

2018 ఆగస్టులో జకార్తా ఆసియా క్రీడల ఆడవాళ్ళ కబడ్డీ ఫైనల్ ఇద్దరం కలిసి చూశాం. 2010లో ఆసియా క్రీడల్లో ఆడవాళ్ళ కబడ్డీ మొదలైన దగ్గర్నుంచి రెండుసార్లూ బంగారం మనదే. ఆ రోజు కూడా సగం ఆటకు 13-11తో మనమే ముందున్నాం. చివరికి ఇరాన్ 27-24తో గెలిచింది. గెలిచిన జట్టు కోచ్ మన దేశపు మనిషి, నాసిక్ నుంచి వెళ్ళిన శైలజా జైన్. భారత జట్టుకు కోచ్ కావాలన్న కోరిక తీరక పరాయి దేశం వెళ్ళి, ఆ పిల్లలతో మన మీదే గెలిచింది. టీవీలో మనవాళ్ళు ఏడుస్తుంటే మా అమ్మాయి ఆమెను చూస్తోంది. నేను అప్పుడు 1986 సెమీఫైనల్ గురించి మొదటిసారి తనకు చెప్పాను. ఎర్రమట్టి అంటిన ఆ మడమ గురించి, నేను వెనక్కొచ్చేయడం గురించి. చెప్పి, "నీ విషయంలో కూడా నేను సారు లెక్కనే కేక పెట్టిన" అన్నాను. తను చాలాసేపు ఊరుకుంది. "నువ్వు కేక పెట్టినవు. వచ్చింది నేనే కదమ్మా" అంది. క్షమించిందో లేదో నాకిప్పటికీ తెలియదు. అడిగే హక్కు నాకుందని అనుకోను.

2023 అక్టోబర్‌లో హాంగ్‌జౌలో మనవాళ్ళు బంగారాన్ని తిరిగి తెచ్చుకున్నారు. చైనీస్ తైపీ మీద సగం ఆటకు 14-9తో ముందుండి, చివరికి 26-25తో గెలిచారు. ఆ క్రీడల్లో మన దేశానికి అది నూరో పతకం. పేపర్లన్నీ నూరు గురించే రాశాయి. నేను ఆ ఒక్క పాయింటు గురించే ఆలోచించాను. ఐదు ఒకటయ్యేదాకా ఆ పిల్లల గుండెలు ఎట్లా కొట్టుకుని ఉంటాయో నాకు తెలుసు. గెలిచారు కాబట్టి ఎవరూ వాళ్ళను ప్రెషర్ తట్టుకోలేరని అనలేదు. ఆ ఒక్క పాయింటు అటు పడి ఉంటే అనేవాళ్ళు.

పోయిన నెల ఒక రాత్రి భోజనాలయ్యాక అమ్మాయి చెప్పింది. ఇక్కడి కంపెనీలో మంచి ఉద్యోగం, మంచి జీతం. దాన్ని వదిలి పిహెచ్‌డిలో చేరతానంటోంది. తొలిసారి వచ్చిన సీటు వదులుకుని అప్పటికి పదేళ్ళు దాటింది. వచ్చే స్టైపెండు ఇప్పటి జీతంలో మూడో వంతు కూడా ఉండదు. తన వయసు, ఇంటి లోను, నా బీపీ మందులు, అన్నీ క్షణంలో నా కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి. ఆ వాక్యం నోటి దాకా వచ్చింది. మా అమ్మ నుంచి నాకు, సారు నుంచి నాకు, నా నుంచి తనకు వచ్చిన ఆ వాక్యం.

మంచినీళ్ళు తాగాను.

"నీ లెక్క ప్రకారం ఇప్పుడు స్కోరెంత?" అని అడిగాను.

తను లేచి వెళ్ళి కాగితం, పెన్ను తెచ్చుకుంది. రాత్రి పన్నెండు దాకా కూర్చున్నాం. కొన్ని అంకెలు నాకు నచ్చలేదు. రెండుచోట్ల గట్టిగానే వాదించాను. లోను సంగతి ఇంకా తేలలేదు. కానీ కాగితం తన చేతిలో ఉంది, కూడికలు తనే వేసింది.